ఖాళీ వదిలిన అంకె

ఆదోని,
గురువారం, మధ్యాహ్నం.

నన్ను ఇక్కడ చీకట్లో పెట్టి ఎమ్మిగనూరులో వెలుగుతున్న నా మరియంబీకి,

నువ్వు బస్సెక్కి వారం దాటింది. ఫోనులో మాట్లాడదామంటే నువ్వే గెలుస్తావు. నేను ఒక వాక్యం మొదలుపెట్టేలోపు నీవి మూడు అయిపోతాయి. "సరే సారూ, పెట్టేస్తాండా" అంటావు. పెళ్లయిన కొత్తలో ఎగతాళిగా మొదలుపెట్టిన ఆ "సారూ" ఇప్పటికీ వదల్లేదు నువ్వు. అందుకే రాస్తున్నాను. మనింట్లో మాట ఉర్దూ, రాత తెలుగు. ఉద్యోగమంతా తెలుగు పంతులుగా గడిపినవాడికి కాగితం మీద ఎవరూ అడ్డం రాలేరు. ఇది చదివి నువ్వు నవ్వుతావనీ, పక్కన ఆ దేవరాజు ఉంటే అతనికీ వినిపిస్తావనీ నాకు తెలుసు. వినిపించు. అతను కూడా వినాలనే రాస్తున్నాను.

అసలు ఎవరతను? మీ చెల్లెలి ఇంటి పక్కన మొదట టీవీలు, తర్వాత కంప్యూటర్లు బాగుచేస్తూ తల నెరిసిన మనిషి. జీవితంలో ఒక్క పుస్తకం చివరిదాకా చదివి ఉండడు. అడిగి చూడు. అతనిలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను. తరగతిలో పాఠం వినరు, పరీక్షలో పక్కవాణ్ణి అడిగి రాస్తారు, బయటికొచ్చి నవ్వుతూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. లోకం వాళ్లకే దండ వేస్తుంది.

నీ పుస్తకం సంగతి నేను కాదనలేదు. ఉర్దూ బడిలో టీచరుగా రిటైరయ్యాక ఆస్పరి, దేవనకొండ తిరిగి, మన ముసలి ఆడవాళ్లు పెళ్లిళ్లలో పాడే పాటలు ఫోనులోకి ఎక్కించుకొచ్చావు. ఒక పేజీలో ఉర్దూ, ఎదురు పేజీలో తెలుగు ఉండేట్టు అచ్చు వేయాలన్నావు. పాడినవాళ్లు పోకముందే పుస్తకం వాళ్ల చేతిలో పెట్టాలన్నావు. మంచిదే అన్నాను. ఆ పనికి కావలసిన ప్రోగ్రాములన్నీ మన కంప్యూటర్లో నేనే ఎక్కిస్తానని మాటిచ్చాను.

మాట తప్పానా? జిన్నింగు మిల్లు ఆఫీసు పాత సామాను అమ్మినప్పుడు తెచ్చుకున్న యంత్రం అది. అంత పాతదానికి సరిపడే తయారు ప్రోగ్రాములు ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. అందుకే లినక్సులో నేనొక రకం ఎంచుకున్నాను. అందులో ప్రోగ్రాము తయారై రాదు. దాన్ని రాసినవాళ్ల మూలపాఠం మాత్రమే వస్తుంది. దాన్ని చదివి, తనకు తగ్గట్టు మన యంత్రమే ఇంట్లో కట్టుకోవాలి. అంగట్లో చొక్కా కొని తొడుక్కోవడం కాదిది, పత్తి తెచ్చి, వడికి, నేసి, కుట్టుకోవడం. ఆదోనిలో పుట్టినదానివి, నీకు వేరే చెప్పాలా! ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. రిటైరయ్యాక, కళ్లద్దాలు రెండుసార్లు మార్చుకుని, చదివి నేర్చుకున్నాను.

నా పద్ధతి ఒకటి తర్వాత ఒకటి. పెద్ద ప్రోగ్రామైతే పూటంతా పట్టేది, ఒక్కోసారి రోజంతా. తెర మీద వరసలు పారుతూ ఉండేవి. ఏ ముక్క కడుతోందో, ఎక్కడ సందేహపడుతోందో అందులో కనబడేది. నేను చదువుతూ కూర్చునేవాణ్ణి. ఆ వేళ యంత్రం ఇంకే పనికీ రాదు గనక నువ్వూ నీ పాటలు పక్కన పెట్టి, చేటలో శనక్కాయలు వేసుకుని, నా పక్కన కూర్చుని ఒలిచేదానివి. మధ్యలో టీ. నాకే లోటూ కనబడలేదు. నీకు మాత్రం ఏం లోటని?

అప్పుడొచ్చాడు దేవరాజు. ఆదోనిలో ఏదో పని ఉండి వచ్చి, మీ చెల్లెలు చూసి రమ్మందని మనింట్లో దూరాడు. తెర వైపు చూసి మూతి తుడుచుకున్నాడు.

"ఇదేంది సార్, ఒగటి అయినంక ఒగటి కడతాండారా?"

"అవును. అది పద్ధతి."

"పద్ధతా! రేషన్ అంగడి ముందర వరస నిలబడినట్టుంది. పాటలు వినే ప్రోగ్రాముకూ పేజీలు కూర్చే ప్రోగ్రాముకూ ఏం సుట్టరికం సార్? దానికోసరం ఇది యాల కాసుకోవల్ల? ఒగదానికి ఒగటి అవసరమయ్యేటివి మాత్రం ముందూ యెనకా కట్టల్ల. సుట్టరికం లేనివన్నీ ఒగేసారి కట్టచ్చు. ఎవురు ముందు, ఎవురు యెనక అనేది ఆ ఎక్కించే ప్రోగ్రామే సూసుకుంటాది. జాబ్స్ అని కొట్టి, ఒగేసారి ఎన్ని కట్టల్లో పక్కన ఆ అంకె ఎయ్యండి సార్. నా మిసన్లో నేను నాలుగేస్తా."

అప్పుడు నువ్వు ఏమన్నావో గుర్తుందా? చేతిలో శనక్కాయ అలాగే పట్టుకుని "నాలుగా!" అన్నావు. ఎవరి మెడలోనో కొత్త నగ చూసినట్టు ఉంది నీ గొంతు. అంతటితో ఆగావా? "మా సారు ఇన్నాళ్లూ సెప్పనేలేదు సూడప్పా" అన్నావు. చెప్పలేదా? నాకు తెలియదనుకున్నావా? ఆ సంగతి అతనికంటే ముందు చదివినవాణ్ణి నేను. నాకు అక్కరలేక వదిలేశాను.

ఇంకొకటి విను. నాలుగు ఒకేసారి కడితే తెర మీద వరసలు పారవు. ఎన్ని అయ్యాయి, ఎన్ని నడుస్తున్నాయి, యంత్రం మీద బరువెంత అని ఒక్కటంటే ఒక్క వరస ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి లేదు, చదవడానికి లేదు. దేవరాజుకు అది సుఖం. ఆ వేళంతా మాట్లాడుకోవచ్చు కదా. నువ్వూ మీ చెల్లెలూ అతని ముందర కూర్చుని పకపకలాడుతున్నారని నాకు తెలుసు. నా పక్కన కూర్చున్నప్పుడు నువ్వు అలా నవ్వగా నేను వినలేదు.

మర్నాడే సంచి సర్దావు. "ఆయప్ప మిసను పెద్దది, పని జరుగుతాది" అన్నావు. జరగనీ. నా నిర్ణయం మాత్రం విను. నీ పుస్తకానికి కావలసిన ప్రోగ్రాములు ఇక ఒక్కటి కూడా ఈ ఇంట్లో ఎక్కించను. అచ్చు అక్కడే వేసుకో. ముందుమాట కూడా అతన్నే రాయమను. నాలుగు ముందుమాటలు ఒకేసారి రాస్తాడు.

నీకు పాతబడిపోయిన,
జిలాని బాషా

*

ఆదోని,
ఆదివారం.

నా మాట వినకపోయినా నా మనిషివే అయిన మరియంబీకి,

నీ రాయబారి వచ్చాడు. ఉత్తరానికి ఉత్తరం రాయకుండా మనిషిని పంపుతావని ఊహించలేదు. పొద్దున్నే, బస్టాండులో తిన్న ఉగ్గాని వాసన మూతి మీద ఉండగానే, గుమ్మంలో నిలబడి పెన్ డ్రైవు అందించబోయాడు.

"అక్క పంపించింది సార్. పాటలన్నీ ఇందులో ఉండాయి. కూర్చిన పేజీలు కూడా. మీ మిసన్లో ప్రోగ్రాములు ఎక్కించి రమ్మనింది. తెలుగు పేజీలు మీరు సూస్తే గానీ అచ్చుకు ఇయ్యదంట."

"నేను చూడనని రాశాను. చదివి వినిపించలేదా మీ అక్క?"

"ఇనిపించింది సార్." సిగ్గు కూడా లేదు మనిషికి. "ముందుమాటల కాడికి వచ్చేసరికి నవ్వి నవ్వి అక్కకు పొరబోయింది. మీరిద్దరూ కైరుప్పల పిడకల సమరం మాదిరి ఉండారు సార్. ఆడ కూడా దేవునికీ అమ్మవారికీ తగువంట. ఊరు రెండుగా సీలి పిడకలతో కొట్టుకుంటాది. కడాకు వాళ్లిద్దరికీ పెండ్లి సేస్తారు. మధ్యలో తల పగిలేది మా మాదిరోళ్లకే."

నాకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. పెన్ డ్రైవు తీసుకుని, నేనే ఎక్కించుకుంటాను, తమరు దయచేయవచ్చు అన్నాను. అతను చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అట్లనే సార్. ఒగ మాట. మీ మిసను సన్నది, మెమరీ తక్కువ. నాలుగు తట్టుకోదు. రెండేయండి, సాలు."

రెండు! అతనికి నాలుగు, నాకు రెండు. నా ఇంట్లో, నా గుమ్మంలో, నా వయసుకు అంకె నిర్ణయించి పోయాడు.

తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పెన్ డ్రైవు గుచ్చి, నీ పాటలు మన యంత్రంలోకి ఎక్కడం మొదలుపెట్టించాను. అవి ఎక్కుతుండగానే నీకు కావలసిన ప్రోగ్రాముల పేర్లన్నీ ఒకే ఆజ్ఞలో వరసగా రాశాను. జాబ్స్ అని కొట్టాను. అంకె దగ్గర చెయ్యి ఆగింది. రెండు వేస్తే అతని మాట విన్నట్టు. నాలుగు వేస్తే అతన్ని చూసి రాసినట్టు. ఐదు వేస్తే చిన్నపిల్లాడు పంతానికి వేసినట్టు. ఏ అంకె వేసినా అందులో దేవరాజే కనిపించాడు. కాబట్టి అంకె వేయలేదు. ఖాళీగా వదిలి, మీట నొక్కాను.

అంకె వేయకపోతే యంత్రం మామూలుగా ఒక్కొక్కటే కడుతుందనుకున్నాను. తప్పు. జాబ్స్ అని పక్కన ఏమీ రాయకపోతే హద్దు లేదని అర్థం. ఎన్ని వీలైతే అన్నీ ఒకేసారి మొదలుపెట్టమని. ఇది ఆ ప్రోగ్రాముతో వచ్చే వివరణలో స్పష్టంగా రాసే ఉంది. లోకంలోని పుస్తకాలన్నీ చదివినవాడు ఆ ఒక్క వాక్యం చదవలేదు.

సుట్టరికం లేనివన్నీ ఒక్కసారిగా లేచాయి. బరువు చూపే అంకె మొదట మెల్లగా, తర్వాత నేను కళ్లద్దాలు సర్దుకునేలోపు పైపైకి పోయింది. లోపలి ఫ్యాను గానుగలా మూలిగింది. మౌస్ కదలడం మానేసింది. మీటలు ఎన్ని నొక్కినా పలకలేదు. ఎక్కుతున్న నీ పాటలు సగంలో ఆగాయి. పెన్ డ్రైవు దీపం అలాగే వెలుగుతోంది, ఆరడం లేదు. పీకితే ఏమవుతుందో తెలియదు, ఉంచితే ఏమవుతుందో తెలియదు.

మరియంబీ, ఇప్పుడు రాయబోయేది నీకు తప్ప ఎవరికీ రాయలేను. దయచేసి ఇది మాత్రం అతనికి వినిపించకు. నీ పాటలన్నీ పోయాయేమో అనిపించిన ఆ క్షణంలో నాకు భయం కలగలేదు. సంతోషం కలిగింది. ఒక్క క్షణమే. ఎండలో నడిచి వచ్చినవాడికి చల్లని నేల తగిలినట్టు, హాయిగా. ఆ తర్వాతే కరెంటు తీసేశాను. మళ్లీ పెట్టి చూస్తే పెన్ డ్రైవులో అన్నీ ఉన్నాయి. నీ నష్టం ఏమీ లేదు. నా సంగతే నాకు బయటపడింది.

నేను కుళ్లుకుంటున్నది దేవరాజును చూసి కాదు. అతనొక సాకు. నిన్ను చూసి. ఈ ఇంట్లో రాసేవాణ్ణి నేను. అచ్చు కావలసింది నా పుస్తకం. నా వ్యాసాల కట్ట ఏ ఏ ఊళ్లకు పోయి తిరిగొచ్చిందో నీకు తెలుసు. చదవకుండానే తిప్పి పంపినవాళ్ల పేర్లు నాకు కంఠతా వచ్చు. నేను రిటైరైన రోజు సభలో అధ్యక్షుడిగా కూర్చుని, నా పేరు మరిచిపోయిన పెద్దమనిషి పేరు కూడా. నువ్వేమో చెప్పులేసుకుని నాలుగు ఊళ్లు తిరిగావు, ముసలమ్మల పక్కన కూర్చుని నవ్వావు, ఇంతలో పుస్తకమైపోయింది. దాన్ని వేస్తామని పుస్తకాలు అచ్చువేసేవాళ్లే తమంతట తాము అడిగారు. నా పద్ధతి పద్ధతేమీ కాదు. ఒక్కొక్కటే కట్టానంటే నీ పుస్తకం ఆలస్యం కావాలని కట్టాను. ఒకేసారి కట్టవచ్చని తెలిసీ చెప్పలేదు.

ఇది చదివాక నువ్వు రాకపోయినా నేనేమీ అడగను.

నీకు చెడ్డవాడైన,
జిలాని

*

ఆదోని,
బుధవారం, సాయంత్రం.

నా మరియంబీకి,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ నీ మాటలే తిరుగుతున్నాయి. నీకు నిజంగా కోపమొస్తే తెలుగే వస్తుంది. మనింటి ఉర్దూలో అంతా మర్యాదే, తిట్టడానికి కుదరదు. అన్నవన్నీ కాగితం మీద పెడుతున్నాను, మళ్లీ కాదనకుండా.

"మీరు రాసింది నాకు కొత్తనా సారూ? మిసన్లో ఏం జరుగుతాందో నాకు తెల్దు గానీ, మీ మొగంలో ఏం జరుగుతాందో తెల్దా? పని ఆల్సెం సేస్తాండారని తెలిసే మీ పక్కన కూసున్యా. ఎందుకు కూసున్యానో మీకు ఏ పుస్తకంలోనూ దొరకల్యా? నలభై ఏండ్లల్లో మీరు నన్ను పక్కన కూసోబెట్టుకునింది ఆ కొన్ని నెలలే. ఆ మిసను కడతాంటే, నాకూ బాగుండె. అయితే ఆస్పరి కరీంబీ మంచం పట్టింది. తన పాట అచ్చులో సూపించల్ల. అందుకే లేసి వచ్చినా. దేవరాజు మీద ఏడ్సకండి. పాటలు ఆయప్ప కాడ ఇంగో నకలు కూడా ఉండాయి, మీరు పోగొట్టినా పోవు."

నకలు ఉందట! నా సంతోషం కూడా దొంగ సంతోషమే అయింది. నేను "ఊ" అన్నాను. నువ్వు "ఊ ఏంది?" అన్నావు. "రెండేస్తాను" అన్నాను. నువ్వు పెట్టేశావు.

రెండే వేశాను. నా చేత్తో నేనే వేసినా, అది దేవరాజు అంకేనని ఒప్పుకుంటున్నాను. అతను మంచివాడేమో. కానీ నాకు నచ్చడు, ఆ హక్కు నాకు ఉంచు.

పొద్దున మొదలుపెట్టాను. తెర మీద చదవడానికి ఏమీ లేదు, ఆ ఒక్క వరస తప్ప. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఏం చేయాలో తోచలేదు. లేచి అంట్లు తోమాను. బియ్యం కడిగాను. మధ్యలో వచ్చి చూస్తే రెండు నడుస్తున్నాయి, బరువు అదుపులో ఉంది, ఒకటి రెండోదాని కోసం ఆగడం లేదు, అడ్డమూ రావడం లేదు. మధ్యాహ్నానికి పాటలు వినే ప్రోగ్రాము ముందు పూర్తయింది. పేజీలు కూర్చేది ఇంకా నడుస్తోంది.

పని చేస్తుందో లేదో చూద్దామని, చేతికి తగిలిన పాట ఒకటి మోగించాను. దేవనకొండది. మొదట అరుపులు, గాజుల చప్పుడు, ఎవరిదో మేక. ఒక ముసలమ్మ పెళ్లికొడుకును ఏడిపించే పాట పాడింది. అది ముగిసింది. నేను ఆపబోతుంటే ఇంకో గొంతు, "మమ్మల్నందర్నీ పాడిస్తివి. నీ మొగుడి మీద నువ్వొగటి పాడు బీ" అంది. నువ్వు వద్దన్నావు. వాళ్లు వదల్లేదు. ఫోను ఆపడం మరిచిపోయినట్టున్నావు.

పాడావు.

మరియంబీ, ఇన్నేళ్లలో నువ్వు నా ఎదుట ఒక్క పాట పాడలేదు. వంటింట్లో కూనిరాగం కూడా నేను వస్తే ఆపేసేదానివి. నీకు గొంతు లేదనుకున్నాను నేను. ఆ ముసలమ్మలకు పాడావు. తెలియని ఊళ్లో, మేకల మధ్య, ఎవరి చాప మీదో కూర్చుని పాడావు. కుళ్లుకోవడం అంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. దేవరాజు ఏపాటి! నీ పుస్తకం ఏపాటి! ఆ చాప మీద కూర్చున్న ప్రతి ముసలిదాన్నీ చూసి నాకు కడుపు మండింది.

వాళ్ల బాణీలో నీ మాటలు కట్టావు. ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగులోకి తిప్పాను. ఎదురు పేజీకి ఇలా ఉండవచ్చు:

చదువుల మొగుడే నా మొగుడు, చదివిందే చదివేనమ్మా
కూడు తెచ్చి ముందర పెడితే అక్షరాలే నమిలేనమ్మా

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఒక్కణ్ణే, తోమిన గిన్నెల మధ్య నిలబడి. అన్నం తిన్నానా లేదా అని కూడా గుర్తు లేదు. మళ్లీ మళ్లీ అదే మోగించాను.

సాయంత్రానికి పేజీల ప్రోగ్రాము కూడా అయింది. నీ పేజీలు తెరిచి మొదటి నుంచి చివరిదాకా చూశాను. తెలుగులో తప్పులు దిద్దాను. ఎక్కువేమీ లేవు, అది కూడా నాకు నచ్చలేదు. కరీంబీ పాట బాగుంది, ముట్టుకోలేదు. నీ పాట మాత్రం అందులో లేదు. నీకు నువ్వుగా తీసేశావు. నన్ను నవ్వులపాలు చేయడం ఇష్టం లేకనా? నేను చూస్తాననా? ఏదైనా ఒప్పుకోను. అందరి పాటలూ ఉండి నీది లేకపోతే ఆ పుస్తకం తప్పుల పుస్తకమే. తప్పులున్న పుస్తకాన్ని నేను అచ్చుకు పోనివ్వను. కరీంబీ పాట తర్వాత చోటు చేసి, నీ పేరుతో పెట్టాను.

మొదటి చరణమే పెట్టాను. రెండోది "పక్కన నేనూ కూర్చుంటే" అని మొదలవుతుంది. ఆ తర్వాత ఆ ముసలమ్మల నవ్వులో నీ గొంతు మునిగిపోయింది. ఎన్నిసార్లు విన్నా దొరకలేదు. పక్కన నువ్వు కూర్చుంటే నేనేం చేస్తానన్నావో నాకు తెలియాలి.

రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను. దేవరాజును ఏదైనా పని మీద బయటికి పంపు. నాకు పాడి వినిపించు. రాసుకుని అక్కడే చేరుస్తాను. అచ్చుకు ఎల్లుండే ఇద్దాం.

ఆ పాటలోని మొగుడు,
జిలాని